శివారు కాలనీలో ఇల్లు తీసుకునే ముందు ఆ ఏరియాను మీరే ఎలా పరీక్షించుకోవాలి?

"బోడుప్పల్ ఎలా ఉంటుంది? నిజాంపేట నయమా, బాచుపల్లి నయమా? హయత్‌నగర్ వైపు నీళ్లకు ఇబ్బందా?" హైదరాబాద్ శివార్లలో ఇల్లు వెతుక్కునేవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. చాలా ఏళ్లుగా ఉప్పల్ వైపు కాలనీల్లో ఉంటున్నాను కాబట్టి అడుగుతారు. కానీ ఏరియా పేరు చెప్పి "బాగుంటుంది" అనో "వద్దు" అనో అంటే మీకు ఒరిగేదేమీ లేదు. ఒకే కాలనీలో ఒక గల్లీకి రోజు విడిచి రోజు నల్లా వస్తుంది, రెండు గల్లీలు దాటితే ఎండాకాలమంతా ట్యాంకరే దిక్కు. ఒక వీధిలో వాన వెలిసిన పది నిమిషాలకే నీళ్లు పోతాయి, పక్క వీధిలో మర్నాటిదాకా మోకాళ్ల లోతు నిలుస్తాయి.

నేను మొదటిసారి కిరాయికి దిగింది డిసెంబరులో. వెలుతురున్న ఇల్లు, గాలి బాగా ఆడుతుంది, సంప్ (నేలలో కట్టిన నీళ్ల తొట్టి) నిండా నీళ్లు. మార్చి నెలాఖరుకల్లా బోరు ఎండిపోయింది. ఆ వేసవిలో ట్యాంకర్లకు పెట్టిన డబ్బు ఒక నెల కిరాయిని దాటింది. ఇల్లు చూశాను కానీ, నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో అడగలేదు. ఆ తరువాత మారిన ప్రతి ఇంటికీ ఈ కింద చెప్పిన పద్ధతే వాడుతున్నాను. ఇది ముఖ్యంగా కిరాయికి వెళ్లేవాళ్ల కోసం. కొనేవాళ్లకు కావలసిన కొన్ని మాటలు కూడా దారిలో చెబుతాను.

ముందుగా కావలసినవి

- మూడు వేర్వేరు వేళల్లో ఆ ఏరియాకు వెళ్లేంత తీరిక: పనిదినం పొద్దున ఒకసారి, పనిదినం సాయంత్రం ఒకసారి, రాత్రి తొమ్మిది దాటాక ఒకసారి
- టీడీఎస్ పెన్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పులను కొలిచే చిన్న పరికరం. ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. కొనడం ఇష్టం లేకపోతే వాటర్ ప్యూరిఫయర్ సర్వీసు చేసేవాళ్లను అడగండి, వాళ్ల దగ్గర ఉంటుంది
- మూత ఉన్న, లోపలి నీళ్లు కనిపించే సీసా ఒకటి, నీళ్లు పట్టుకోవడానికి
- ఇంచుల టేపు
- ఫోను, దాంతోపాటు ఇంట్లో మరొకరి దగ్గరున్న వేరే కంపెనీ సిమ్
- చిన్న నోటు పుస్తకం. ఫోన్లో రాసుకున్నా సరే, కానీ అక్కడికక్కడే రాయండి. మూడో ఇల్లు చూసేసరికి మొదటి ఇంటి వివరాలు కలగాపులగం అయిపోతాయి

1. మీ ఇంట్లో ఎవరు ఎక్కడికి వెళ్లాలో రాసుకోండి

ఒక కాగితం మీద ఇంట్లోవాళ్ల పేర్లు రాసి, ప్రతి పేరు పక్కన రోజూ వెళ్లే చోటు, బయలుదేరే వేళ, తిరిగొచ్చే వేళ రాయండి. తరువాత రాజీపడలేని విషయాలు మూడే మూడు ఎంచుకోండి. డయాలసిస్‌కు వెళ్లే అమ్మ ఉంటే ఆసుపత్రి దూరం, రాత్రి షిఫ్టు చేసే అమ్మాయి ఉంటే వీధి దీపాలు, చంటిపాప ఉంటే నీళ్లు. మూడుకు మించి రాస్తే ఏ ఇల్లూ నచ్చదు. అసలు రాయకపోతే బాల్కనీ బాగుందని అడ్వాన్సు ఇచ్చేస్తారు.

2. బయలుదేరే ముందు మ్యాపులో చూడండి

గూగుల్ ఎర్త్‌ను కంప్యూటర్లో తెరిస్తే పాత సంవత్సరాల శాటిలైట్ ఫొటోలు చూడొచ్చు. మీరు చూస్తున్న ఇంటి స్థలం పదిహేనేళ్ల కిందట ఎలా ఉందో వెనక్కి జరిపి చూడండి. పొలమో, రాళ్లగుట్టో అయితే ఫరవాలేదు. అక్కడ నీళ్ల మరకో, నల్లటి బురదో, చెరువు కట్ట గీతో కనిపిస్తే ఆగి ఆలోచించాలి. ఊళ్ల పేర్లు కూడా చాలా చెబుతాయి. "కుంట" అని పేరు చివర ఉన్న కాలనీ ఒకప్పుడు కుంట పక్కనో, కుంటలోనో ఉండేదే అయి ఉంటుంది.

కొనేవాళ్లకు ఈ మెట్టు తప్పనిసరి. చెరువు పూర్తిగా నిండితే నీరు చేరే హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు బఫర్ జోన్. అందులో కట్టడాలకు అనుమతి ఉండదు. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైటులో ఒక్కో చెరువు మ్యాపు దొరుకుతుంది. 2024 జులైలో హైడ్రా (చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) ఏర్పడ్డాక ఈ హద్దుల విషయంలో కూల్చివేతలు మనమంతా చూశాం. కిరాయికి ఉండేవాళ్లకు ఆస్తి నష్టం ఉండదు, కానీ వర్షాకాలంలో ఇల్లు మునిగితే సామాన్లు మనవే.

మ్యాపులోనే ఇంకొకటి చూడండి: ఇంటి నుంచి మెయిన్ రోడ్డుకు ఎన్ని దారులున్నాయి? రైల్వే గేటో, ఒకే ఒక్క ఇరుకు వంతెనో దాటాల్సి వస్తే రాసుకోండి. ఆరో మెట్టులో దాన్ని పరీక్షిస్తాం.

3. నీళ్లు: ఎక్కువ సమయం దీనికే కేటాయించండి

శివారు ఇంటికి నీళ్లు మూడు దారుల్లో వస్తాయి: జలమండలి (హైదరాబాద్ నీటి సరఫరా బోర్డు) నల్లా, సొంత బోరు, ట్యాంకర్. కూకట్‌పల్లి, మియాపూర్ వైపు నల్లా నీళ్లను మంజీరా అంటారు, ఎల్బీనగర్ వైపు కృష్ణా అంటారు. పేరు ఏదైనా మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటే.

"నీళ్లు వస్తాయా?" అని అడగకండి. "వస్తాయి" అనే చెబుతారు, అబద్ధం కూడా కాదు. "నల్లా ఏ రోజు వస్తుంది, ఎన్ని గంటలకు, ఎంతసేపు?" అని అడగండి. ఇంటి ఓనరును, పక్కింటావిడను, గల్లీ చివర కిరాణా కొట్టాయనను విడివిడిగా అడగండి. ముగ్గురూ ఒకే రోజు, ఒకే వేళ చెబితే నమ్మొచ్చు. ఒకరు "రోజు విడిచి రోజు" అని, ఇంకొకరు "ఎప్పుడొస్తుందో తెలియదు" అని అంటే మీ గల్లీ లైను చివర ఉన్నట్టు అనుమానించండి. లైను చివరి ఇళ్లకు, ఎత్తు మీది ఇళ్లకు ప్రెషర్ తగ్గుతుంది. అనుమానం ఉంటే నల్లా వచ్చే వేళకు ఒకసారి వెళ్లి కళ్లారా చూడండి.

ఇప్పుడు లెక్క. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలన్నది మన దేశంలో నీటి సరఫరాకు వాడే కొలమానం. నలుగురున్న ఇంటికి రోజుకు 540 లీటర్లు. నల్లా రోజు విడిచి రోజు వస్తే కనీసం 1,080 లీటర్లు మీ వాటాకు నిల్వ ఉండాలి. సంప్ కొలత తెలుసుకోవడం తేలిక: పొడవు, వెడల్పు, లోతు అడుగుల్లో కొలిచి మూడింటినీ గుణించి 28తో హెచ్చించండి. 6 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 5 అడుగుల లోతు ఉంటే సుమారు 5,000 లీటర్లు. ఆ సంప్ మీద ఎన్ని పోర్షన్లు ఆధారపడ్డాయో చూసి భాగించండి.

అపార్ట్‌మెంట్ అయితే ఇదే లెక్క పెద్దదవుతుంది. ఇరవై ఫ్లాట్లకు రోజుకు 10,800 లీటర్లు. బోరు ఎండి, నల్లా రాని రోజు 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు తెచ్చినా చాలవు. అందుకే అసోసియేషన్ వాళ్లను నిరుటి ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్స్ లెక్క చూపించమని అడగండి. జనవరి లెక్క చూసి సంతోషపడితే నాలాగే ఇబ్బంది పడతారు. లెక్క చూపించడానికి ఇష్టపడకపోతే వాచ్‌మెన్‌ను అడగండి: "మే నెలలో రోజుకు ఎన్ని ట్యాంకర్లు దిగుతాయి?" గేటు తీసేది ఆయనే కాబట్టి సరిగ్గా చెబుతాడు.

నీటి నాణ్యతకు మొదట కళ్లతోనే చూడండి. బాత్రూం నల్లాల మూతుల మీద, టైల్స్ మీద, బకెట్ల లోపల తెల్లటి పొర గట్టిగా పేరుకుని ఉంటే బోరు నీళ్లలో కరిగిన ఉప్పులు బాగా ఎక్కువగా ఉన్నట్టు. గీజరు తొందరగా పాడవుతుంది, జుట్టు కూడా పాడవుతుందని చాలామంది చెబుతారు. తరువాత టీడీఎస్ పెన్ పెట్టండి. తాగునీటికి భారత ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు. వేరే నీళ్లు దొరకనప్పుడు 2,000 వరకు ఒప్పుకుంటారు. వంటింటి నల్లాలోనూ, బాత్రూం నల్లాలోనూ విడివిడిగా చూడండి. చాలా ఇళ్లలో వంటింటికి ఒక పైపు, మిగతా ఇంటికి వేరే పైపు ఉంటాయి.

ఒక హెచ్చరిక. టీడీఎస్ తక్కువ వచ్చినంత మాత్రాన నీళ్లు సురక్షితం అనుకోకండి. ఆ పెన్ కరిగిన ఉప్పులను మాత్రమే చెబుతుంది, క్రిములను చెప్పదు. సీసాలో పట్టిన నీళ్లు గంటసేపు కదపకుండా ఉంచి, అడుగున మడ్డి దిగిందేమో చూడండి. మూత తీసి వాసన చూడండి. డ్రైనేజీ వాసన లేశమైనా తగిలితే ఆ ఇల్లు వదిలేయండి. నల్లా పైపుకే నేరుగా మోటారు బిగించి లాగే వీధుల్లో ఈ ప్రమాదం ఎక్కువ. పైపు ఎక్కడైనా చిట్లి ఉంటే, మోటారు లాగే ఊపుకు పక్కనున్న మురుగు కూడా లోపలికి వస్తుంది. అలా మోటారు పెట్టడం నేరం కూడా. ఓనరు "ఏం కాదు, అందరూ పెడతారు" అన్నా మీరు ఒప్పుకోకండి.

ఇంకొక పని: నల్లా బిల్లు మీద ఉండే క్యాన్ నంబరు (కనెక్షన్ ఖాతా నంబరు) అడిగి రాసుకోండి. జీహెచ్‌ఎంసీ పరిధిలో ఇళ్లకు నెలకు 20 వేల లీటర్లు ఉచితంగా ఇచ్చే పథకం 2021 జనవరిలో మొదలైంది. దానికి మీటరు ఉండాలి, కనెక్షన్‌కు ఆధార్ జత చేసి ఉండాలి. శివార్లలో మునిసిపాలిటీల హద్దులు ఈమధ్య మారాయి కాబట్టి ఆ కాలనీకి పథకం వర్తిస్తుందా, మీటరు ఉందా అని జలమండలి నంబరు 155313కు ఫోన్ చేసి, క్యాన్ నంబరు చెప్పి కనుక్కోండి.

4. వాన నీళ్లు, మురుగు నీళ్లు ఎటు పోతాయో చూడండి

వాన పడుతున్నప్పుడు వెళ్లగలిగితే అంతకంటే మంచి పరీక్ష లేదు. కుదరకపోతే ఆనవాళ్లు వెతకండి.

రోడ్డు మీద నిలబడి ఇంటి గడప వైపు చూడండి. గడప రోడ్డుకంటే కిందికి ఉందా? పాత కాలనీల్లో సీసీ రోడ్డు మీద మళ్లీ మళ్లీ రోడ్డు వేసి ఎత్తు పెరిగిపోయింది, ఇళ్లు గుంటలో పడ్డాయి. అలాంటి ఇంట్లో గ్రౌండ్ ఫ్లోర్ తీసుకోవద్దు. ప్రహరీ గోడల మీద నేల నుంచి ఒకే ఎత్తులో అడ్డంగా సాగిన మరక ఉంటే అది నీళ్లు నిలిచిన గీత. గేట్ల ముందు ఇటుకలతో అడ్డుగట్టు కట్టుకున్నారంటే ఆ గల్లీవాళ్లు ఇంతకుముందు దెబ్బతిన్నట్టే. గోడ మరకలకు కొత్త రంగు వేసి ఉండొచ్చు, కరెంటు మీటరు బోర్డును ఎంత ఎత్తుకు మార్చారో కూడా చూడండి.

పాత నివాసులను ఈ ప్రశ్న అడగండి: "2020 అక్టోబరు 13 రాత్రి మీ గల్లీలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?" ఆ రాత్రి వాన హైదరాబాద్‌లో ఉన్నవాళ్లెవరూ మరిచిపోలేరు. "వర్షాకాలం ఎలా ఉంటుంది" అంటే "బాగానే ఉంటుంది" అనేవాళ్లు కూడా, ఆ తేదీ చెప్పగానే చేత్తో ఎత్తు చూపించి మరీ చెబుతారు. అప్పుడు మునిగినా, తరువాత నాలా వెడల్పు చేశారా అని అడగండి. చేసి ఉంటే పరిస్థితి మారి ఉండొచ్చు.

మురుగు విషయంలో ఒకటే ప్రశ్న: అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ ఉందా, సెప్టిక్ ట్యాంకా? శివార్లలో సెప్టిక్ ట్యాంకు ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి. ట్యాంకు అయితే ఎన్ని నెలలకు బండి పిలుస్తారు, డబ్బు ఎవరు కడతారు, బోరుకూ ట్యాంకుకూ మధ్య దూరమెంత అని కనుక్కోండి. అవి రెండూ పక్కపక్కనే ఉంటే ఆ బోరు నీళ్లు తాగడానికి అసలు వాడొద్దు.

5. కరెంటు

మీ పోర్షన్‌కు విడిగా మీటరు ఉందా అన్నది మొదటి ప్రశ్న. ఓనరు మీటరు నుంచి సబ్ మీటరు ఇస్తే యూనిట్‌కు ఎంత అడుగుతారో ముందే తేల్చుకోండి. అందరి వాడకం ఒకే మీటరు మీద పడితే పై స్లాబ్ రేటు వస్తుంది, ఆ భారం మీరూ మోయాలి. 2024 మార్చిలో మొదలైన గృహజ్యోతి పథకంలో అర్హులకు 200 యూనిట్ల వరకు ఉచితం, కిరాయిదారులకు కూడా వర్తిస్తుంది. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లు ఆ పోర్షన్ యూనిక్ సర్వీస్ నంబరు అడిగి తీసుకోవాలి. విడి మీటరు లేకపోతే ఈ లాభం చేజారినట్టే.

చివరి మూడు నెలల బిల్లులు చూడండి, బకాయి ఉంటే ఓనరు కట్టాకే దిగండి. సాయంత్రం ఎనిమిది ప్రాంతంలో వెళ్లినప్పుడు ఫ్యాను వేగం, ట్యూబులైటు వెలుగు గమనించండి. కరెంటు పోతే ఫిర్యాదుకు 1912.

6. ప్రయాణం: కిలోమీటర్లు కాదు, నిమిషాలు

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. ఆదివారం మధ్యాహ్నం కారులో వచ్చి, "ఉప్పల్ నుంచి ఇరవై నిమిషాలే" అనుకుని అడ్వాన్సు ఇచ్చేస్తారు. సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు అదే దూరానికి గంట పడుతుంది.

మీరు రోజూ వెళ్లాల్సిన వేళకే, మీరు రోజూ వాడబోయే బండిలోనే, ఆ ఇంటి గేటు నుంచి ఆఫీసు గేటు దాకా ఒకసారి వెళ్లండి. సోమవారమో, మంగళవారమో అయితే మంచిది. ఇలా ముక్కలుగా రాసుకోండి: ఇంటి నుంచి బస్టాపు వరకు నడక, ఆటో కోసం ఎదురుచూపు, మెట్రో స్టేషన్‌లో పైకి ఎక్కి ప్లాట్‌ఫాం చేరడం, దిగాక మళ్లీ నడక. నాగోల్, ఎల్బీనగర్, మియాపూర్ మెట్రో చివరి స్టేషన్లు. వాటికి అవతల ఉండేవాళ్లకు మెట్రోలో పట్టే సమయం ఎప్పుడూ ఒకటే, స్టేషన్ దాకా చేరే సమయమే రోజుకొక తీరుగా ఉంటుంది. కొలవాల్సింది దాన్ని. సాయంత్రం తిరుగు ప్రయాణం కూడా విడిగా కొలవండి. రెండు సమయాలూ ఒకేలా ఉండవు.

ఘట్‌కేసర్, మేడ్చల్ వైపువాళ్లు ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఉందని లెక్కేసుకునే ముందు టైంటేబుల్ చూడండి. స్టేషన్ దగ్గరున్నా మీ వేళకు రైలు లేకపోతే ఉపయోగం లేదు. ఆర్టీసీ బస్సు అయితే మొదటి బస్సు ఎన్నింటికి, చివరి బస్సు ఎన్నింటికి అని బస్టాపు దగ్గర టీ కొట్టులో అడగండి. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు రోజూ వెళ్లేవాళ్లుంటే బస్సు రూటు ఉన్న వీధికి కిరాయి కొంచెం ఎక్కువైనా లెక్క కలిసొస్తుంది.

షేర్ ఆటోలు రాత్రి ఎన్నింటిదాకా ఉంటాయో చూడండి. పొద్దున ఆరింటికి ఒకసారి, రాత్రి పదింటికి ఒకసారి ఫోన్లో క్యాబ్ యాప్ తెరిచి ఆ ఇంటి చిరునామా పెట్టండి. బుక్ చేయక్కర్లేదు, ఎన్ని నిమిషాల్లో వస్తుందంటోందో చూస్తే చాలు.

"ఇక్కడికి మెట్రో వస్తోంది", "ఫ్లైఓవర్ అయిపోతుంది" అన్న మాటకు ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి. ఉప్పల్-నారపల్లి ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలయ్యాయి, ఆ తరువాత ఏళ్ల తరబడి ఆ దారిలో గుంతలు, దుమ్ము భరించాం. రాయదుర్గం నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టు మెట్రోకు 2022 డిసెంబరులో శంకుస్థాపన జరిగితే, మరుసటి ఏడాది ప్రభుత్వం మారాక రూటే మారిపోయింది. ఈ రోజు నడుస్తున్నదాన్ని బట్టే నిర్ణయించుకోండి.

7. పది నిమిషాలు నడిచి చూడండి

ఇంటి గేటు దగ్గర టైమర్ పెట్టి నాలుగు దిక్కులా పదేసి నిమిషాలు నడవండి. పాల ప్యాకెట్లు, కిరాణా, కూరగాయలు, మందుల షాపు, ఏటీఎం, అంగన్‌వాడీ, బస్తీ దవాఖానా, పార్కు కనిపించినవల్లా రాసుకోండి. కాలనీలో వారానికోసారి సంత జరుగుతుందా, ఏ వారం అని అడగండి. సంత ఉన్న కాలనీలో కూరగాయల ఖర్చు బాగా తగ్గుతుంది, కానీ ఇల్లు సరిగ్గా సంత రోడ్డు మీదే ఉంటే ఆ సాయంత్రం బండి బయటికి తీయలేరు.

బస్తీ దవాఖానా జ్వరాలకు, బీపీ మాత్రలకు చాలా ఉపయోగం, కానీ రాత్రిపూట ఉండదు. 24 గంటల ఆసుపత్రికి రాత్రి ఎంతసేపట్లో చేరగలరో ఒకసారి వెళ్లి చూసుకోండి. పెద్దవాళ్లున్న ఇంటికి ఇది దాటవేయకూడని పని. పిల్లలున్నవాళ్లు స్కూలు బస్సు గల్లీలోకి వస్తుందా, మెయిన్ రోడ్డు దాకా వెళ్లి ఎక్కించాలా అని ఆ స్కూలు పిల్లల తల్లిదండ్రులనే అడగాలి.

చెత్త బండి రోజూ వస్తుందా? అడగకుండానే తెలుసుకోవచ్చు. ఖాళీ ప్లాట్లు చూడండి. ప్రతి ఖాళీ ప్లాటూ చెత్తకుప్పగా మారి ఉంటే బండి సరిగా రావట్లేదన్నమాట. ఆ కుప్పల చుట్టూనే కుక్కలు, దోమలు చేరతాయి.

8. రాత్రి తొమ్మిది దాటాక మళ్లీ వెళ్లండి

పగలు ప్రశాంతంగా ఉన్న గల్లీ రాత్రి వేరేలా ఉండొచ్చు. మెయిన్ రోడ్డు నుంచి ఇంటిదాకా నడిచి రండి. ఎన్ని వీధి దీపాలు వెలుగుతున్నాయి? కుక్కలు గుంపుగా వెంటపడుతున్నాయా? దారిలో వైన్ షాపు, పర్మిట్ రూం ఉన్నాయా? ఇంటి వెనక ఫంక్షన్ హాలు ఉంటే పెళ్లిళ్ల సీజన్‌లో పిల్లల పరీక్షలకు ఇబ్బంది. ఇంట్లో ఆడవాళ్లు ఒంటరిగా ఆ దారిన రావాల్సి ఉంటే వాళ్లను కూడా తీసుకెళ్లి, వాళ్లకు ఎలా అనిపించిందో అడగండి. ఆ మాటే చివరి మాట కావాలి.

రాత్రి వెళ్లడానికి మరో కారణం గాలి. జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు దగ్గరి దమ్మాయిగూడ లాంటి చోట్ల, పటాన్‌చెరు, జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామికవాడల చుట్టూ వాసన పగలు తెలియకపోవచ్చు. రాత్రి, తెల్లవారుజామున, వాన పడ్డాక ఎక్కువ తెలుస్తుంది. గాలి వీచే దిక్కును బట్టి మారుతుంది కాబట్టి ఒక్కరోజు వాసన రాలేదని నిశ్చింతగా ఉండకండి, డాబా మీద ఉన్న పక్కింటివాళ్లను అడగండి.

9. ఫోను, నెట్

ఇంటి మధ్య గదిలో తలుపులు వేసి, రెండు సిమ్‌లతోనూ ఫోన్ మాట్లాడి చూడండి. బాల్కనీలో సిగ్నల్ చూసి సరిపెట్టుకోవద్దు. ఫైబర్ నెట్ అయితే "ఈ ఏరియాకు ఉంది" అన్నది చాలదు. అదే బిల్డింగులో ఎవరు ఏ కంపెనీది వాడుతున్నారో, వానకు ఎన్ని రోజులు పోతుందో కనుక్కోండి.

10. అడ్వాన్సు ఇచ్చే ముందు కాగితం మీద పెట్టించాల్సినవి

కిరాయి అగ్రిమెంట్ 11 నెలలకు రాయడం మామూలే. అందులో కిరాయి, అడ్వాన్సుతో పాటు ఈ మాటలు కూడా ఉండేలా చూడండి: ట్యాంకర్ డబ్బు ఎవరిది, మోటారు కాలిపోతే రిపేరు ఎవరిది, మెయింటెనెన్స్‌లో ఏమేం కలుస్తాయి, ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఎంత కోస్తారు. ఓనరు మంచివాడే కావచ్చు, అయినా రాయించండి. గొడవ వచ్చేది చెడ్డతనం వల్ల కాదు, ఇద్దరూ వేరువేరుగా గుర్తుపెట్టుకోవడం వల్ల.

కొనేవాళ్లు వీటికి అదనంగా ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే రిజిస్ట్రేషన్ పత్రం) తీయించాలి, లేఅవుట్ హెచ్‌ఎండీఏ అనుమతి ఉన్నదా, ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ రుసుము) కట్టారా చూడాలి. కొత్త ప్రాజెక్టు 500 చదరపు మీటర్ల స్థలం దాటినా, ఎనిమిది యూనిట్లు దాటినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. గ్రామ పంచాయతీ అనుమతి అని చెప్పే పాత ప్లాట్ల విషయంలో లాయరుకు చూపించకుండా ముందుకు వెళ్లకండి.

తరచూ జరిగే పొరపాట్లు

బ్రోకరు మాట ఒక్కటే నమ్మడం పెద్ద పొరపాటు. ఆయన అబద్ధాలకోరని కాదు, ఆయన ఆ గల్లీలో నిద్రపోడు. అక్కడ అయిదేళ్లుగా ఉంటున్న గృహిణి చెప్పిన ఒక్క మాట పది మంది బ్రోకర్ల మాటలతో సమానం.

వానాకాలంలో నీళ్లు చూసి, ఎండాకాలంలో డ్రైనేజీ చూసి నిర్ణయించుకోవడం ఇంకొకటి. ఏ కాలంలో వెళ్లినా రెండో కాలం సంగతి అడిగి తెలుసుకోవాల్సిందే. బంధువు ఉన్నాడని అదే కాలనీలో దిగడం కూడా చూస్తుంటాను. మనిషి అండ మంచిదే, కానీ ఆయన ఇల్లు మెయిన్ రోడ్డు మీద ఉండి, మీది చివరి గల్లీలో ఉంటే ఆయన అనుభవం మీకు పనికిరాదు.

రెండు ఇళ్ల మధ్య తేల్చుకోలేకపోతే, కిరాయికి ట్యాంకర్ ఖర్చు, ప్రయాణం ఖర్చు, మెయింటెనెన్స్ కలిపి ఏడాది మొత్తం వేసి చూడండి. నెలకు రెండు వేలు తక్కువకు దొరికిన ఇల్లు చాలాసార్లు ఈ లెక్కలో ఖరీదైనదిగా తేలుతుంది.

సరిగ్గా చూశారో లేదో ఇలా సరిచూసుకోండి

నోటు పుస్తకం మూసి, ఇంట్లోవాళ్లకు ఈ జవాబులు చెప్పి చూడండి. నల్లా ఏ రోజు, ఎన్నింటికి? మే నెలలో ట్యాంకర్లు ఎన్ని? 2020 వానలో నీళ్లు ఎంత ఎత్తు? ఆఫీసుకు పొద్దున ఎన్ని నిమిషాలు, సాయంత్రం ఎన్ని? చివరి బస్సు ఎప్పుడు? అర్ధరాత్రి ఏ ఆసుపత్రికి, ఎంతసేపట్లో? ఏ ఒక్కదానికి "అనుకుంటాను" అని జవాబు వచ్చినా, అది మీరు రాసుకున్న మూడు ముఖ్యమైన విషయాల్లో ఒకటైతే, ఇంకోసారి వెళ్లి రండి. అడ్వాన్సు ఒకరోజు ఆలస్యమైతే ఇల్లు పోతుందేమోనని టెన్షన్ పడకండి. శివార్లలో టులెట్ బోర్డులకు కొదవ లేదు.

దిగాక మొదటి నెల కూడా పరీక్షలో భాగమే. వంటింట్లో క్యాలెండర్ మీద నల్లా వచ్చిన ప్రతి రోజూ టిక్కు పెట్టి, పక్కన ఎన్ని నిమిషాలు వచ్చిందో రాయండి. ఓనరు చెప్పినదానికి బాగా తేడా ఉంటే, నెల తిరిగేలోపు ఆ క్యాలెండర్ చూపించి మాట్లాడండి, సర్దుబాటు అప్పుడే తేలిక. జలమండలికి ఫిర్యాదు చేస్తే వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరు కూడా అదే క్యాలెండర్ మీద, ఆ తేదీ గడిలోనే రాసి పెట్టండి. వాల్వు తిప్పే లైన్‌మ్యాన్ గల్లీకి వచ్చినప్పుడు పలకరించి ఆయన ఫోన్ నంబరు తీసుకోండి. నల్లా రాని పొద్దున మీరు మొదట చేయాల్సిన ఫోను ఆయనకే.